పానకాలు మావ చూసిన ఫైనల్

మా ఊళ్లో ఫుట్‌బాల్ టోర్నమెంటు అంటే బయటివాళ్లు నవ్వుతారు. పల్నాడులో, మిరప చేలకీ పత్తి చేలకీ నడుమ, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కింద ఫుట్‌బాలేమిటయ్యా అని. నవ్వితే నవ్వనీయండి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో కలకత్తా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన సాయంత్రాలు తోచక కూలీలకు బంతి తన్నడం నేర్పాడు. ఆయన వెళ్లిపోయాడు, ఆట ఉండిపోయింది. సిమెంటు బస్తాలు మోసే ముఠాకి ఒక టీము, సున్నపురాయి గనివాళ్లకి ఒక టీము, చుట్టుపక్కల ఊళ్లవి మరికొన్ని. ఏటా రిపబ్లిక్ డే నాడు ఫైనలు. దాచేపల్లి పక్కన ఈ ఊరికి కేబుల్ నాదే, లోకల్ ఛానల్ నాదే, పెళ్లిళ్ల కెమెరా కూడా నాదే. కాబట్టి ఆ మ్యాచుల లైవూ నాదే. నా పేరు సాదిక్.

కేబుల్ వాడికి తిట్లు కొత్త కాదు. సీరియల్ మధ్యలో బొమ్మ ఆగితే ఆడవాళ్లు తిడతారు, క్రికెట్ మధ్యలో ఆగితే మగవాళ్లు తిడతారు. అన్నీ దులిపేసుకుంటాను. కానీ ఫోన్లో పానకాలు మావ పేరు కనబడితే మాత్రం నాలుగు రింగులు మోగనిచ్చి గానీ ఎత్తేవాణ్ని కాదు. మావ అంటే చుట్టరికం కాదు. మా నాన్నా ఆయనా ఒకే ముఠాలో బస్తాలు మోశారు, ఆ వరస.

వయసులో ఉండగా ముఠా టీముకి ఆయనే గోలీ. ఆయన గోల్లో నిలబడితే బంతి మాట దేవుడెరుగు, ఈగ కూడా దూరదనేవాళ్లు. పగలంతా లారీలకు లోడింగ్, సాయంత్రం గ్రౌండ్. ఆ లోడింగ్ దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. అరవై ఏళ్లు కూడా నిండకుండానే మంచానికి అతుక్కుపోయాడు. ముక్కులో గొట్టం, పక్కన గుర్రుగుర్రుమనే ఆక్సిజన్ మిషను, ఎదురుగా టీవీ. గుంటూరు డాక్టర్లు చూడాల్సింది చూసి, ఇంటికి తీసుకెళ్లి కడుపునిండా పెట్టండమ్మా అన్నారు. దాని అర్థం ఆయనకీ తెలుసు, ఆయన భార్య రాఘవమ్మత్తకీ తెలుసు.

ముఠాలో చోటు ఇంటి ఆస్తి లాంటిది. మోసేవాడు పడిపోతే ఆ చోటు ఆ ఇంటివాడికే వస్తుంది, కాకపోతే ముఠాని నడిపే మేస్త్రీ ఒప్పుకోవాలి. మావ మేస్త్రీ కాళ్లు పట్టుకుని తన చోటు కొడుకు ఉదయ్ కుమార్‌కి ఇప్పించాడు. బస్తాతో పాటు గోలు కూడా కొడుక్కే వచ్చింది.

ఈ ఏడు మొదటి మ్యాచ్ నేను పెళ్లి తీసినట్టే తీశాను. నాకు తెలిసిన విద్య అదే కదా! కెమెరా వేదిక పక్కనే పెట్టాను. సర్పంచ్ గారు వచ్చారు, శాలువా కప్పుతున్నారు, పెళ్లిలో పెద్దమనిషి వస్తే ఎటు తిప్పుతామో అలవాటుగా కెమెరా అటే తిప్పాను. సరిగ్గా అప్పుడే గోల్ పడింది. పోనీలే అని దాన్ని ఎవరో ఫోన్లో తీసిన ముక్క తెచ్చి మళ్లీ వేస్తూ, పైన గులాబీ రేకులు రాలే ఎఫెక్ట్ పెట్టాను. అందంగా ఉంటుందనుకున్నాను.

ఫోన్ మోగింది.

"ఒరేయ్ సాదికూ! గోలు చూపించరా అంటే పూలు చూపిస్తావేందిరా? అది గోలా, శోభనమా?"

"అలవాటులో పడిపోయింది మావా..."

"నీ అలవాటు తగలెయ్య! అంతా బూడిదలాగుంది. బంతేదో, బుర్రేదో తెలియట్లా. నువ్వొకసారి ఇంటికి రా, నీ సంగతి చెప్తా."

వెళ్లాను. తిట్టాలంటే ఊపిరి కావాలి కదా, రెండు తిట్లు తిట్టి కాసేపు ఆగేవాడు, గొట్టం సర్దుకునేవాడు, మళ్లీ అందుకునేవాడు. ఆ మధ్యలో నేను పారిపోవచ్చు. పారిపోబుద్ధి కాలేదు. తిట్లన్నీ అయ్యాక నెమ్మదిగా అన్నాడు.

"నాకిదే ఆఖరి టోర్నమెంటురా. నీకు తెలుసుగా. మావాడు నా చోట్లో ఎట్టా నిలబడుతున్నాడో ఒక్కసారి సరిగ్గా చూడనియ్యి. అంతకంటే ఏం అడగను."

సరే మావా, చూపిస్తా అన్నాను.

ఆ మాట అన్నాక ఇక నాకు నిద్ర లేదు. ముందు ఎత్తు కావాలి. జొన్న చేలో పిట్టల్ని తోలడానికి వేసే మంచె ఉంటుంది చూడండి, అలాంటిది సరుగుడు కర్రలతో గ్రౌండ్ మధ్య గీతకు ఎదురుగా కట్టించి కెమెరా దానిమీదికి ఎక్కించాను. వేదిక వైపు తిప్పేది లేదని సర్పంచ్ గారి మొహం మీదే చెప్పేశాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు, మాడ్చుకోనీ.

తర్వాత బంతి. బూడిద రంగు నేలమీద తెల్ల బంతి టీవీలో కనబడదు. గడపలకు పూసే ఎర్ర కావి కలిపి బంతికి దట్టంగా పట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మొదటి హెడర్‌కే గని టీము కెప్టెన్ నుదురంతా ఎర్రబడి జాతరలో పోతురాజులా తయారయ్యాడు. జనం పడిపడి నవ్వారు. మావ ఫోన్ చేసి నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు తగ్గేదాకా ఫోన్ చెవికి పెట్టుకుని మంచెమీద బిక్కచచ్చి కూర్చున్నాను. మర్నాడు గుంటూరు బస్సుకి చెప్పి నారింజ రంగు బంతి తెప్పించాను.

ఇక దుమ్ము. పదిమంది పరిగెత్తారంటే బొమ్మ మీద దుప్పటి కప్పినట్టే. పీరు భాయ్‌కి ట్రాక్టర్ ట్యాంకర్ ఉంది, మిరప చేలకు మందు కొట్టడానికి నీళ్లు తోలుతుంటాడు. బతిమాలి మ్యాచ్‌కి ముందొకసారి, సగం ఆటలో ఒకసారి గ్రౌండంతా తడిపించాను. సెమీఫైనల్ బొమ్మ చూసి నేనే నమ్మలేకపోయాను. జెర్సీల మీద నంబర్లు కనబడుతున్నాయి, సున్నం గీతలు కనబడుతున్నాయి.

"బానే ఉందిరా," అన్నాడు మావ. జీవితంలో మొదటిసారి ఆయన నోట ఆ మాట! "ఒకటే లోటు. బంతెటు పోతే నువ్వూ అటే పోతన్నావు. బంతి అటున్నప్పుడు గోలీ ఏం చేస్తుంటాడో చూపించరా. గోల్లో నిలబడినోడికి అదే కావాలి. మావాణ్ని దగ్గరగా చూపించు, మొహం కనపడాలి."

"ఫైనల్లో చూడు మావా. వాడి చెమట చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు నువ్వు," అన్నాను. పిడుగురాళ్ల స్టూడియో స్నేహితుణ్ని కాకాపట్టి దూరం నుంచి కూడా మొహాన్ని లాగేసే పెద్ద కెమెరా తెచ్చుకున్నాను.

ఫైనల్ రోజు మబ్బు లేదు, గాలి లేదు. ముఠా టీముకీ గని టీముకీ మ్యాచ్. రాఘవమ్మత్త మిరపకాయల కోతకు పోయింది, కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు మరి. మావ ఒక్కడే టీవీ ముందు. ముఠావాళ్లు ఒక గోలు వేశారు. ఇక దాన్ని కాపాడుకుంటే చాలు. ఉదయ్ రెండుసార్లు గాల్లోకి లేచి బంతి పట్టాడు, ఊరు ఊరంతా అరిచింది. ఆట చివరికొచ్చేసరికి బంతి అవతలి గోలు దగ్గర చిక్కుకుపోయింది. ఇదే అదను అనుకుని కెమెరా ఉదయ్ మీదికి తిప్పి బాగా దగ్గరికి లాగాను.

ఎంత బాగా వచ్చిందో బొమ్మ! మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడ్డాడు. కణతల మీద చెమట మెరుస్తోంది. తర్వాత మొహం గోలు స్తంభం వైపు తిప్పుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కింద ఉమ్మాడు. బూటు కాలితో రెండుసార్లు మట్టి లాగాడు. మళ్లీ లేచి చేతులు చాచి నిలబడ్డాడు. అంతా స్పష్టంగా, పక్కన నిలబడి చూసినట్టు. ఇప్పుడు తిట్టు చూద్దాం మావా అని మనసులో అనుకున్నాను. ఫోన్ మోగలేదు.

మనవాళ్లు గెలిచారు. కప్పు పట్టుకుని ఉదయ్ ఇంటికి బయల్దేరితే నేనూ వెనకాలే పోయాను. మెప్పు కోసమే పోయాను, దాచడమెందుకు?

టీవీలో ఇంకా డప్పులు మోగుతున్నాయి. మావ అటు చూడటం లేదు.

"నాన్నా, కప్పు మనదే!" అన్నాడు ఉదయ్.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"ఏంది నాన్నా?"

"కాలితో మట్టి కప్పటం. ఎన్నాళ్ల నుంచి?"

నాకు ముందు అర్థం కాలేదు. ఉదయ్ మొహం పాలిపోవడం చూశాక అర్థమైంది. ముఠాలో దగ్గు పట్టుకున్నవాడు పక్కకు తిరిగి ఉమ్మి, మేస్త్రీ కంటబడకముందే కాలితో మట్టి కప్పేస్తాడు. ఉమ్మిలో ఎరుపు కనబడిందంటే మర్నాటి నుంచి వాడికి పని లేదు. మా నాన్న చేసేవాడు, మావ కూడా చేసేవాడు. నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసి కూడా మంచెమీద పోల్చుకోలేకపోయాను. ఆయన మంచం మీంచి ఒక్క చూపులో పోల్చుకున్నాడు.

"జలుబు చేసింది నాన్నా," అన్నాడు ఉదయ్.

"నాకా చెప్తున్నావు?" మావ గొట్టం సర్దుకున్నాడు. "రేపట్నుంచి ముఠాకి పోమాక. కాళ్లు పట్టుకుని నిన్నందులో దింపింది నేను. నేనే చెప్తున్నా, పోమాక."

"పోకపోతే నీ మిషను ఎట్టా తిరుగుద్ది నాన్నా?"

మావ ముక్కులో గొట్టం పీకి నేలకేసి కొట్టాడు. "తిరగొద్దు. ఇప్పుడు మానేస్తావా?"

ఉదయ్ కప్పు కింద పడేసి మంచం మీదికి ఒంగాడు. ఒక చేత్తో తండ్రి చేతులు రెండూ కలిపి పట్టుకున్నాడు, రెండో చేత్తో గొట్టం ముక్కులో పెట్టాడు. ఒకప్పుడు ఆ చేతులు ఎంతటి బంతినైనా ఆపేవి. ఇప్పుడు కొడుకు ఒంటిచేతి పట్టు విడిపించుకోలేకపోయాయి. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను వెళ్లి టీవీ కట్టేశాను, ఇంకేం చేయాలో తోచక.

అప్పుడే రాఘవమ్మత్త కోత నుంచి వచ్చింది. తలకు కండువా, వేళ్లన్నీ మిరప ఘాటుకు ఎర్రగా ఉన్నాయి.

"గెలిచారంటగా సాదికూ? మరి ఇదేంది, ఏమైంది?"

చెప్పాను. నేనే తీశానని, దగ్గరగా చూపించానని, మావ చూశాడని, అంతా చెప్పాను. ఆమె గుండెలు బాదుకుంటుందనుకున్నాను. బాదుకోలేదు. గడప మీద చతికిలబడింది.

"వాడి చొక్కాలు ఉతికేది నేను కాదా? నాకు తెలవదా?" అంది. "ఈయన ఇది తెలవకుండా పోవాలనే కదయ్యా నేనూ వాడూ ఇన్నాళ్లు అగచాట్లు పడింది."

ఆమె కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు, మామూలుగానే అంది.

"బొమ్మ మసగ్గా ఉన్నప్పుడు నిన్ను తిట్టుకుంటా హాయిగా ఉండేవాడయ్యా."