కారు పోర్చిలో పాల దొప్ప

2018లో నేను నల్గొండ పట్టణం అంచున ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంగా ఉన్నాను. ఏఎన్ఎం అంటే ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను చూసుకునే ప్రభుత్వ నర్సు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. నేను ఆ సెంటర్‌లో చేరిన నాటికి అది ఊరు. ఇంటిపేరు చెబితే గడప చూపించగలిగేదాన్ని. రాష్ట్రం వచ్చాక చెలకలన్నీ, అంటే మెట్ట చేలన్నీ, ప్లాట్లయ్యాయి. ఎక్కడెక్కడి మండలాల నుంచో జనం వచ్చారు. నా రిజిస్టర్లో పేర్లు పెరుగుతూ పోయాయి, తెలిసిన ముఖాలు తగ్గుతూ వచ్చాయి.

నాతో తిరిగే ఆశా కార్యకర్త లలిత ఆ ఊరి కోడలు. వాళ్ళూ చెలక అమ్మి, రెండు గదులు కట్టి కిరాయికిచ్చారు. "కిరాయి చేతికొచ్చిననాడు వీళ్ళంత దేవుండ్లే సిస్టరమ్మా. బోరు నీళ్ళు లేక వట్టిగ గుర్రుమన్ననాడు మాత్రం ఎందుకమ్ముకుంటిమా అనిపిస్తది," అనేది. కొత్తవాళ్ళ మాట ఇంకో తీరు. బడి దగ్గర, దవాఖాన దగ్గర, అన్నీ బాగున్నాయి, కానీ ఈ ఊరోళ్ళు మమ్మల్ని చూసే చూపే బాగుండదు అనేవారు. రెండు మాటలూ నాకు నిజమే అనిపించేవి.

పగటిపూట ఆ కొత్త కాలనీలో నడవడం నాకు ఇష్టముండేది కాదు. మగవాళ్ళు డ్యూటీలకు, పిల్లలు బడులకు పోయేవారు. గేట్లకు తాళాలు. ఇంటికీ ఇంటికీ నడుమ ఖాళీ ప్లాట్లు, పసుపు రంగు పూసిన హద్దు రాళ్ళు. ఎక్కడో కుక్కర్ కూత వేసేది, ఏ ఇంట్లోనో తెలిసేది కాదు. మిట్టమధ్యాహ్నం బాలింతను బయట తిరగనివ్వరు మా దిక్కు. నేను అలాంటివి నమ్మను. అయినా ఆ రోడ్డు మీద నా కాళ్ళు వాటంతటవే తొందరపడేవి.

స్వప్న ఆ కాలనీలో చివరి వరుస ఇంట్లో ఉండేది. భర్త మహేశ్ టైల్స్ దుకాణంలో మేనేజరు. తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చారు. అక్కడున్న కొద్దిపాటి భూమి అమ్మి, పైన లోను తీసుకొని ఈ ఇల్లు కొన్నారు. జ్యేష్ఠంలో ఆడపిల్ల పుట్టింది, మంచి బరువుతో. స్వప్నకు తల్లి లేదు. అత్త నెలరోజులుండి పత్తి పనులకు ఊరికి పోయింది.

పసిపిల్లలకు మేము గ్రోత్ చార్ట్ నింపుతాము. నెలనెలా బరువు చూసి చుక్క పెట్టి, చుక్కలు కలుపుతాము. గీత పైకి పోతే బిడ్డ పెరుగుతున్నట్టు. అడ్డంగా పడుకుంటే ఏదో తప్పున్నట్టు. స్వప్న బిడ్డ గీత అడ్డంగా పడుకుంది. జ్వరం లేదు, విరేచనాలు లేవు. డాక్టరమ్మ చూసి బిడ్డకు జబ్బేమీ లేదంది.

"పాలు వస్తలేవు సిస్టర్," అంది స్వప్న. కళ్ళ కింద నల్లగా గుంతలు పడ్డాయి.

"నిద్ర పోతున్నవా?"

"పోతే ఎట్ల? గప్పుడే వచ్చి పెట్టిపోతరు."

"ఎవరు? ఏం పెడతరు?"

ఆషాఢ అమావాస్యనాడు మధ్యాహ్నం తలుపు తీస్తే పోర్చిలో మోదుగాకు విస్తరి ఉందట. అందులో పిడికెడు తెల్లన్నం, దొప్పలో పాలు, రెండు చిన్న నల్లగాజులు. శ్రావణ అమావాస్యకు మళ్ళీ అదే. గేటు దగ్గర కాదు, గడపలో కాదు. రెండుసార్లూ పోర్చి కుడి మూలనే, గోడకు జానెడు దూరంలో. ఆ గోడకు అవతల బిడ్డ పడుకునే గది.

"ఆ గాజులు నా బిడ్డ చేతికి సరిగ్గ పడుతయ్ సిస్టర్."

"తొడిగి చూసినవా?"

"అమ్మో! ముట్టలేదు. కండ్లకు తెలుస్తలేదా?"

అప్పటినుంచి పగలంతా తలుపు గొళ్ళెం పెట్టుకొని, బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చునేది. తల్లి నిద్రపోక, సరిగ్గా తినక, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతుంటే పాలు తగ్గుతాయి. అది చేతబడీ బాణామతీ కాదు, ఒంటి ధర్మం. ఆ మాట చెప్పాను. విన్నది. గొళ్ళెం మాత్రం తియ్యలేదు.

కాలనీ అంతా పాకింది. సంఘం అధ్యక్షుడు రామచంద్రం, రిటైరైన ఆఫీసరు, నన్ను దారిలో ఆపాడు. "నిమ్మకాయలు గూడ దొరికినయంటమ్మా."

"ఎవరు చూసిండ్రు సార్?"

"అందరూ అంటున్రు."

"ఒక్కరి పేరు చెప్పండి, పోయి అడుగుత."

ఆయన పేరు వదిలి కెమెరా మాట ఎత్తాడు. కాలనీ మొదట్లో వాళ్ళు ఒక కెమెరా పెట్టుకున్నారు. రెండు అమావాస్యలదీ తిప్పి చూశారట. "ఎవ్వరు లేరమ్మా. మేకలు తప్ప నరమానవుడు లేడు," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది పాత ఊరోళ్ళ పనే. మేం వచ్చినమని కుళ్ళు. పెత్రమాసనాడు మళ్ళ వస్తరు. లీవులు పెట్టుకున్నం. దొరికితే కరెంటు స్తంభానికి కడతం."

"తరువాత?"

"తరువాత సంగతి జనం చూసుకుంటరు."

అట్లా జనం చూసుకున్న ఒక ఆడమనిషికి నా సర్వీసులో నేను కట్లు కట్టాను. ఆమె కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

భాద్రపద అమావాస్యను మా దిక్కు పెత్రమాస అంటాము. పోయినవాళ్ళకు అన్నం పెట్టుకునే రోజు. ఆ మధ్యాహ్నమే బిడ్డ బరువు చూస్తానని స్వప్నకు చెప్పి, లలితను తీసుకొని వెళ్ళాను. బరువు ఒక సాకు. ప్రభుత్వ మనిషి ఎదురుగా ఉంటే చెయ్యెత్తడానికి ఒక క్షణమైనా జంకుతారని నా ఆశ. మహేశ్, రామచంద్రం, ఇంకొందరు కాలనీ మొదట్లో సంఘం గదిలో కూర్చుని కెమెరా చూస్తున్నారు.

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపులోంచి మేకల గంటలు వినబడ్డాయి. కిటికీలోంచి చూశాను. కాలనీ మొదటి దిక్కు నుంచి మేకలు వస్తున్నాయి, వాటి వెంట ఒక ముసలామె.

"సాయమ్మవ్వ," అంది లలిత. "రోజు మేపుకుంట తిరుగుతది గదా."

రోజూ తిరుగుతుంది కాబట్టే కెమెరాలో ఆమె ఎవరికీ కనబడలేదు. మేకలు కనబడ్డాయి.

ముసలామె ఇంటి ముందు ఆగింది. దూరాన గుట్ట కొసను చూసింది. తల తిప్పి నీళ్ళ ట్యాంకును చూసింది. చూపుతోనే దారం పట్టి కొలుస్తున్నట్టు కాస్త పక్కకు జరిగింది, మళ్ళీ చూసింది. తెరిచి ఉన్న గేటులోంచి వచ్చి పోర్చి కుడి మూలన కూర్చుని కొంగు ముడి విప్పింది. విస్తరి పరిచి గోడ వైపు వంగి, "ఊకో బిడ్డా, ఊకో. తెచ్చిన," అంది.

నేను తలుపు తీసుకొని బయటికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. నా వెనకే లలిత వచ్చింది. స్వప్న జాలీ తలుపు వేసుకొని లోపలి నుంచే మహేశ్‌కు ఫోన్ చేసింది.

"అవ్వా, ఎవరికి పెడుతున్నవ్?"

"నా బిడ్డకు."

"ఈ ఇంట్ల నీ బిడ్డ ఎక్కడిది?"

"ఇల్లెక్కడిదమ్మా? గిది మా చెలక." నున్నటి టైల్స్ మీద అరచెయ్యి పెట్టింది. "గీడ బొంద పెట్టినం. పసిపిల్లలను కాలవెట్టరు గదా. గుట్ట కొస, తాటిచెట్టు గుర్తు పెట్టుకొమ్మని మా అత్త చెప్పింది. తాటిచెట్టు కొట్టేసిన్రు. దాని జాగలనే గా ట్యాంకి లేచింది, నయమే."

చెలక అమ్మేటప్పుడు ఆ మూల పార్కుకు వదిలేస్తామని, ఎవరూ ముట్టరని ప్లాట్లు వేసి అమ్మే వెంచరువాళ్ళు మాటిచ్చారట. పార్కు కూడా తరువాత ప్లాట్లయింది. ఇల్లు లేచినప్పటినుంచి ఏడాదికొకసారి, పెత్రమాసనాడు, రోడ్డు మీది నుంచే మొక్కి పోయేదట.

"మరి ఈ ఏడాది నెలనెల ఎందుకొస్తున్నవ్?"

"ఏడుపు వినొచ్చింది." నా ముఖంలోకి చూసింది. "మేకలు తోలుకొని పోతాంటే, సరిగ్గ గీ జాగల నుంచే. గిప్పుడు నీకు వినొస్తలేదా?"

గోడ అవతల స్వప్న బిడ్డ ఏడుస్తూనే ఉంది.

"అవ్వా, అది ఆ ఇంటి పాప."

"నాకు తెల్వదనుకున్నవా? నేనేమన్న పిచ్చిదాన్నా? గా పిల్లకు తల్లి ఉంది, పాలిస్తది. దీనికెవరిస్తరు?"

అంటూనే విస్తరిలో అన్నం పెట్టింది.

అప్పటికే రోడ్డు మీద చెప్పుల చప్పుడు. "దొరికింది! మేకలామెనే!" రామచంద్రం ముందున్నాడు. లలిత అడ్డం నిలబడింది.

"ఏయ్ సారూ, చెయ్యి దించు. మా ఊరి పెద్దమనిషి."

"నువ్వు గూడ వాళ్ళ మనిషివే గదా, తప్పుకో!"

జాలీ వెనక నుంచి స్వప్న, "ఎవరు సిస్టర్? ఏమంటున్నది?" అంది.

మేకలామె, మంచినీళ్ళడుగుతున్నదని చెప్పవచ్చు. అప్పుడు ఈ విస్తరికి జవాబు లేదు, ముసలామె స్తంభానికి పోతుంది. నిజం చెబితే స్వప్న, ఉన్న భూమి అమ్ముకొని కొన్న ఇంట్లో, ఒక బొంద పక్కన, బిడ్డను పెట్టుకొని బతకాలి. ఇప్పటికే పాలు ఇంకిపోతున్న తల్లి. ఏ ట్రైనింగులోనూ నాకిది నేర్పలేదు.

నిజమే చెప్పాను. జాలీకి దగ్గరగా పోయి నాలుగు మాటల్లో చెప్పాను.

జాలీ గొళ్ళెం జరిగింది. బిడ్డను భుజాన వేసుకొని స్వప్న పోర్చిలోకి వచ్చింది.

"ఆడపిల్లనా అవ్వా?"

"ఆడపిల్లనే."

"ఎన్నో నెల?"

"మూడు నిండి నాలుగుల వడ్డది. గప్పుడు పోయింది."

స్వప్న నా వైపు చూసింది. తేదీలు లెక్కగట్టడం నా పని. ఆమె బిడ్డకు మూడు నిండి ఆ వారమే నాలుగో నెల వచ్చింది. నేను చెప్పలేదు. చెప్పనవసరం లేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

"లోపలికి పో స్వప్నా," అన్నాడు మహేశ్.

ఆమె పోలేదు. ముసలామె పక్కన కింద కూర్చుంది. "ఈమెను నేనే రమ్మన్న," అంది మగవాళ్ళతో. "మీరు పోన్రి."

ఎవరూ నమ్మలేదు. కానీ ఇంటి మనిషే రమ్మన్నానంటే ఏమనగలరు? ఒక్కొక్కరే కదిలారు. మహేశ్ మిగిలాడు. టైల్స్ వైపు చూసి, మెల్లగా చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

బిడ్డ ఏడుపు ఆపింది. సాయమ్మ పాలు పోసిన క్షణాననే ఆపిందని లలిత ఈనాటికీ చెబుతుంది. నేను అప్పుడు వాచీ చూసుకోలేదు కాబట్టి చెప్పను.

ఆ తరువాతి నెల చార్టులో గీత లేచింది. కారణం నాకు తెలుసు. మధ్యాహ్నాలు సాయమ్మ మేకలను ఖాళీ ప్లాట్లలో వదిలి ఆ పోర్చిలో కూర్చునేది. కాపలా మనిషి ఉన్నదని స్వప్న కంటినిండా నిద్రపోయేది. కాలనీకి మాత్రం మనసు కుదుటపడలేదు. పక్కింటివాళ్ళు ఇల్లు అమ్మి పోయారు. సంఘంవాళ్ళు శాంతి చేయించారు. పాత ఊళ్ళో కొందరు, మేమిక్కడ ఉండేవాళ్ళమని ఇన్నాళ్ళకైనా తెలిసింది వీళ్ళకు అన్నారు. ఇంకా అమ్మని చెలకలున్నవాళ్ళు, ఈ మాట బయటపడి రేట్లు పడిపోతాయని సాయమ్మను తిట్టారు.

ఆ కేసు తరువాత, బిడ్డ బరువు ఆగిన ప్రతి తల్లినీ ఏం తింటున్నావని అడిగేకంటే ముందు, దేనికి భయపడుతున్నావని అడిగాను. మా కార్డులో దానికి గడి లేదు. అడిగిన చోటల్లా ఏదో ఒకటి బయటికి వచ్చింది.

రిటైరయ్యాక నేనూ అదే వెంచరు రెండో భాగంలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. ఒకరోజు సాయమ్మ మేకలతో వచ్చి నా అరుగు మీద కూర్చుంది.

"మా చెలకల బొంద గదొక్కటే సిస్టరమ్మా. పక్క చెలకలోళ్ళవి వేరె ఉన్నయ్. మీ ఇంటి దిక్కు గూడ..." అంటూ గుట్ట కొసను చూసింది, ట్యాంకును చూసింది, చెయ్యి లేపబోయింది.

"చెప్పకవ్వా," అన్నాను.

నలభై ఏళ్ళు ప్రతి ఇంటికీ పోయి ఎందరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగినదాన్ని. అది ఒక్కటి మాత్రం అడగలేదు. పెత్రమాస వస్తే పాలు, పిడికెడు అన్నం పెడుతున్నాను. జాగా తెలియదు కనుక ఇంటి నాలుగు మూలలా పెడుతున్నాను.