అరటిపళ్ళు తిరిగొచ్చిన టోకెన్

మా ఇంటి అట్టపెట్టెల మీద మా ఆయన చేతిరాత ఉండేది. నల్ల మార్కర్‌తో, దూరం నించి కూడా కనపడేంత పెద్ద అక్షరాలు. ‘కుక్కర్ - దేవుడు’. ‘పోపులడబ్బా - పాప స్వెట్టర్లు’. ‘డాక్టరమ్మ పుస్తకాలు - ఎత్తొద్దు, తొయ్యండి’. ఐర్లండ్‌లో పర్మనెంట్ పోస్టు దొరికేదాకా నాలాంటి డాక్టర్ల కాళ్ళకి చక్రాలే. జూలై వచ్చిందంటే ఇంకో ఆసుపత్రి, ఇంకో ఊరు, ఇంకో అద్దె ఇల్లు. ఏడేళ్ళలో ఆరిళ్ళు మారాం. ఆరుసార్లూ పెట్టెలు కట్టింది ఆయనే. ఇంట్లో కూర్చుని చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి లాప్‌టాప్ ఎక్కడ తెరిస్తే అదే ఆయన ఆఫీసు. నేను ఎటంటే అటు వచ్చేవాడు. ఒక్కసారైనా విసుక్కోలేదు. అదే నా ప్రాణానికొచ్చింది. ఆయన విసుక్కునుంటే నేనూ నాలుగు మాటలు అనేసి లెక్క తేల్చుకునేదాన్ని.

చివరికి గాల్వేలో నాకు పర్మనెంట్ పోస్టు వచ్చింది. ఇల్లు దొరకడం మాత్రం ఉద్యోగం దొరకడం కంటే కష్టమైంది. ఒక అద్దె ఇల్లు చూద్దామని వెళ్తే వానలో గేటు దగ్గర్నించి రోడ్డు మలుపు దాకా క్యూ. మా ముందు నిలబడ్డాయన చేతిలో ఫైలు, అందులో పాత ఇంటివాళ్ళు రాసిచ్చిన మంచి మాటల ఉత్తరాలు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత సర్దుకుని కూర్చోలేదు నేను. మూడు నెలలు అలా తిరిగితే ఊరి చివర చిన్న ఇల్లొకటి దొరికింది. పాప నడిచి వెళ్ళేంత దూరంలో బడి. వంటింటి కిటికీలోంచి చూస్తే రాతిగోడ, దాని వెనక రెండు గుర్రాలు. ఆ కిటికీ దగ్గర మొదటిసారి కాఫీ తాగినప్పుడే ఇక్కణ్ణించి నేను కదలను అనుకున్నాను. బయటికి అనలేదు. ఎలా అంటాను? నా మూలంగా ఆరుసార్లు కదిలినవాడు పక్కనే నిలబడి కాఫీ తాగుతుంటే.

మా ఆయన నాలుగు పెట్టెలు విప్పకుండా మెట్ల కింద ప్రెస్‌లో పెట్టాడు. ప్రెస్ అంటే బట్టలకి చేసే ఇస్త్రీ కాదు, ఇక్కడివాళ్ళు అలమారాని అలా అంటారు. “మళ్ళీ ఎలాగూ కట్టాలి కదా” అన్నాడు. 

ఆ చలికాలమే ఆయనకి ఫోన్‌లో ఒక ఇల్లు కనపడింది. ఇండొనేషియాలో, బాలి ద్వీపానికి ఉత్తరం వైపు, టూరిస్టులు పెద్దగా వెళ్ళని సముద్రపొడ్డు పల్లె. బయటి దేశాలవాళ్ళకి అక్కడ నేల కొనుక్కునే హక్కు లేదు, ఇరవై అయిదేళ్ళకి లీజు రాయించుకోవచ్చు. “ఇన్నేళ్ళూ నీ వెంట నేనొచ్చాను, ఈసారి నా వెంట నువ్వు రా” అనలేదాయన. అనుంటే పోట్లాడేదాన్ని. “సెలవుల్లో ఒకసారి చూసొద్దామా?” అన్నాడంతే. సరే అన్నాను. ఆ ఇల్లు నచ్చితే, గాల్వేలో ఇల్లు కొనుక్కుందామని దాచుకున్నదంతా అక్కడ పెట్టేస్తాం, నేను ఉద్యోగం మానేస్తాను, పాప బడి మారుతుంది. అంతా తెలిసే సరే అన్నాను. బయల్దేరే ముందు ఆదివారం తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఆయన అందరికీ చెప్పేశాడు. పులిహోర వడ్డిస్తూ ఒక ఆంటీ, “ఏమ్మా, ఇంత కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం వదిలేసి సముద్రంలో చేపలు పట్టుకుంటావా?” అంది. నవ్వేసి ఊరుకున్నాను.

ఊరు బాగుండకపోతే నా పని సులువయ్యేది. కానీ నిజం చెప్పాలి, చాలా బాగుంది. నల్లటి ఇసక, రెండు పక్కలా వెదురు చేతులు చాచిన సన్నటి పడవలు, వెదురు బుట్టల కింద కోళ్ళు. పొద్దున్నే చీపురు చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఒకే ఆవరణలో రెండిళ్ళు. ఒకదాంట్లో ఇంటావిడ, ఆవిడ కోడలు ఉంటారు. రెండోది మాకు ఇద్దామనుకున్నది. మేం దిగింది కూడా అందులోనే. ఇంటావిడకి అరవై ఉంటాయి. అక్కడి పద్ధతిలో ఆవిణ్ణి ఇబు అని పిలిచాం, మనం అమ్మా అన్నట్టు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాటలన్నీ కోడలి ద్వారానే.

మా ఆయన వెళ్ళిన రోజే ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని ఆవరణంతా కొలిచాడు. ఇంటి దేవుడి గుడి ఆగ్నేయంలో ఉందని తేలింది. మనకైతే అక్కడ పొయ్యి ఉండాలి. “ఈశాన్యంలో ఎందుకు పెట్టలేదు?” అని అడిగితే కోడలు నవ్వి, “మాకు దేవుడు కొండ వైపు ఉండాలి, కొండేమో దక్షిణాన ఉంది” అంది. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, “అదీ బాగానే ఉంది” అన్నాడు. బాత్రూమ్ నైరుతిలో ఉందని రెండిళ్ళు వద్దన్న మనిషి! ఆ ఇల్లు ఆయనకి ఎంత నచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పూట అన్నం సయించలేదు.

రోజూ పొద్దున్నే ఇబు కొబ్బరాకులతో అల్లిన చిన్న చిన్న దొన్నెల్లో పూలు, తమలపాకు ముక్క పెట్టి గుమ్మం ముందు, గోడ మీద, పంపు దగ్గర పెట్టేది. మా పాప ఆవిడ వెనకే తిరుగుతూ, “మమ్మీ, దే హావ్ గాడ్స్ ఆల్ ఓవర్ ద ప్లేస్, లైక్” అని ఆశ్చర్యపోయేది. కొన్ని దొన్నెల మీద నోటు కూడా ఉండేది. అదెందుకని కోడల్ని అడిగాను. “దేవుడికి ఇచ్చేదాని మీద డబ్బు పెడతాం” అంది. మా ఆయన అప్పుడు వసారా కొలుస్తున్నాడు, వినలేదు.

శుక్రవారం పొద్దున్న కోడలు పనుందని పట్నం వెళ్ళింది, ఆదివారం గానీ రాదు. మా ఆయన తలస్నానం చేసి వచ్చి, “తిథి బాగుంది, తొమ్మిదిన్నర దాకా వర్జ్యం లేదు. టోకెన్ ఇచ్చేద్దాం” అన్నాడు. 

“కోడలు లేకుండానా?” అన్నాను.

“టోకెన్‌కి మాటలెందుకు? ఇస్తే అర్థమవుతుంది. ఆలస్యం చేస్తే ఎవరైనా ఎగరేసుకుపోతారు.”

మావైపు స్థలం మాట్లాడుకున్నా సంబంధం మాట్లాడుకున్నా చేతికి తాంబూలం ఇవ్వందే మాట ఖాయమైనట్టు కాదు. వంటింట్లో వెదురు పళ్ళెం తీసుకుని అందులో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, నాలుగు దేవగన్నేరు పూలు సర్దాడు. వాటి మీద, వేలల్లో చివర పదహారు వచ్చేట్టు అక్కడి నోట్లు పెట్టాడు. రెండు చేతులతో ఇబుకి అందించి, ఇంటి వైపు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇబు మొహం వెలిగిపోయింది. పళ్ళేన్ని కళ్ళకద్దుకుంది. నోట్ల వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా గుడి దగ్గరికి తీసుకెళ్ళి, అగరొత్తి వెలిగించి, పూవుతో నీళ్ళు చల్లి దణ్ణం పెట్టుకుంది. కాసేపయ్యాక వచ్చి మా ముగ్గురి నుదుటి మీదా తడి బియ్యం అద్దింది. అరటిపళ్ళు మా చేతుల్లో పెట్టి తినమని సైగ చేసింది.

మా ఆయన, “చూశావా, ఆశీర్వదించింది కూడా” అన్నాడు.

నాకు అంతా తెలిసిపోయింది. ఆవిడ అది ఇంటికి టోకెన్ అనుకోలేదు, తన దేవుడికి మేమిచ్చిన నైవేద్యం అనుకుంది. చెప్పాలి. చెప్తే ఒక్క ఫోన్‌తో సరిపోయేది, కోడలి నంబరు నా ఫోన్‌లోనే ఉంది. నేను అరటిపండు తొక్క తీసుకుని తిన్నాను. అబద్ధం చెప్పలేదు, నోరు మెదపలేదంతే. రెండు రోజులూ ఆయన మొహంలోకి సరిగ్గా చూడలేకపోయాను.

ఆదివారం కోడలు వచ్చింది. వేరే దేశం దంపతులు ఇల్లు అడిగారని, మీ దగ్గర్నించి ఏ మాటా లేదు కాబట్టి సరే అన్నామని చెప్పింది. మా ఆయన టోకెన్ సంగతి చెప్పాడు. ఆ పిల్ల అత్తగారిని అడిగి, సంగతి తెలిసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. “వాళ్ళతో ఇంకా కాగితం రాసుకోలేదు. మీకు కావాలంటే చెప్పండి, ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేస్తాను” అంది.

మా ఆయన నా వైపు చూశాడు. నేను పాప జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను.

“వద్దులెండి. దేవుడికి ఇచ్చింది దేవుడికే ఉండనివ్వండి” అన్నాడాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుగానూ ఉంది, కానీ ముందు ప్రాణమే లేచొచ్చింది.

తిరిగొచ్చిన రోజు డబ్లిన్ నించి గాల్వే బస్సులో కిటికీలోంచి ఏమీ కనపడనంత వాన. పాప ఏదో చుట్టాన్ని చూసినట్టు, “మమ్మీ, ఇట్స్ లాషింగ్!” అని అరిచింది, వాన దంచేస్తోందని. ఇంటికొచ్చి వంటింటి కిటికీ దగ్గర నిలబడితే, తడిసిన గుర్రాలు రెండూ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. 

ఆ శనివారం మా ఆయన మెట్ల కింద ప్రెస్‌లోంచి నాలుగు పెట్టెలూ బయటికి లాగి విప్పడం మొదలుపెట్టాడు. ఆ టేపు పీకే చప్పుడు వింటూ నేనింక ఉండలేకపోయాను.

“ఆ రోజు ఇబు పళ్ళెం గుడికి తీసుకెళ్ళినప్పుడే నాకు తెలుసండీ. ఆవిడ టోకెన్ అనుకోలేదని. కావాలనే చెప్పలేదు.”

ఆయన తలెత్తలేదు. “నాకూ తెలుసు.”

“ఎప్పుడు?”

“అరటిపళ్ళు తిరిగిచ్చినప్పుడు. టోకెన్ పుచ్చుకున్నవాళ్ళు పళ్ళు వెనక్కిస్తారా?”

“మరి కోడలికి ఫోన్ చెయ్యొచ్చు కదా! రెండ్రోజులు టైముంది!”

“నువ్వు చెయ్యమంటావేమోనని చూశా.”

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. “ఇన్నేళ్ళ కాపురంలో నీకు ఇష్టమేనా అని నోరారా ఒక్క మాట అడగలేకపోయారా?”

“అడిగితే నువ్వు సరే అనేదానివి” అన్నాడు. “ఇల్లు చూసొద్దామన్నప్పుడు అన్నావుగా.”

నేనూ కింద కూర్చుని ఒక పెట్టె దగ్గరికి లాక్కున్నాను. “మీకు బాధగా లేదా?” అని అడిగాను.

“కొంచెం ఉంది. ఆ సముద్రం బాగుంది కదా” అన్నాడు.

పెట్టెలన్నీ ఖాళీ చేశాం. పాప వాటి మీద ఎగిరి చదును చేస్తే, ఆయన అట్టలూ కాగితాలూ వేసే పచ్చ చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. జేబులోంచి నల్ల మార్కర్ తీసి, “ఇది?” అన్నాడు.

“పారెయ్యండి” అన్నాను. అంత గట్టిగా అన్నానని అన్నాక గానీ తెలియలేదు.