పెద్దపిల్లల జట్టు

మా చెల్లిని పెద్దపిల్లల జట్టులోకి పంపాలా వద్దా అన్నది నేను తేల్చవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నాన్న బస్సు డ్రైవరు. ఆ వారమంతా ఆయనకు దూరం డ్యూటీలు పడ్డాయి. అమ్మ అంగన్‌వాడీ టీచరు. బడి నుంచి కబురు వస్తే, "నువ్వు పీజీ చదివేవు కదా, నువ్వే ఎల్లి మాట్లాడు" అంది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ముందురోజు నుంచే వాక్యాలు కూర్చుకునే మనిషిని నేను. ఆ సంగతి అమ్మకు తెలుసు. తెలిసే పంపింది.

చెల్లికి పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి. వాళ్ళ బడిలో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. మా ఊళ్ళో ఆ మాట చెబితే "అంటే క్రికెట్టేగా" అంటారు. కాదని చెప్పడం చెల్లి ఎప్పుడో మానేసింది. అందులో బంతి విసిరే పిల్లను పిచర్ అంటారు. చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి, నడుం కిందనుంచి బంతి వదలాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల జట్టుకు చెల్లే పిచర్. బంతి వేసేది తనే, అందరి మీదా అరిచేదీ తనే.

నేను వెళ్ళేసరికి ఆటల మేడమ్ గ్రౌండులో ఉన్నారు. ముందురోజు వాన నీళ్ళు ఇంకా గుంటల్లో నిలిచి ఉన్నాయి. పొడిగా ఉన్న చోట పిల్లలు ముగ్గుపిండితో గీతలు గీస్తున్నారు.

"పదిహేడేళ్ళ లోపు జట్టులో మా పిచర్ టెన్తుకొచ్చిందమ్మా. వాళ్ళ నాన్నగారు ఆటలు మాన్పించేసేరు" అన్నారు మేడమ్. "మీ చెల్లి పేరు ఆ జట్టులో పంపుదామనుకుంటున్నాను."

"ఆయ్ మేడమ్."

"ఇంట్లో ఆలోచించుకుని చెప్పు. కింద జట్టులో ఉంటే ప్రతి మ్యాచీ తనే ఆడుతుంది. పైన ఇంకో పిల్ల ఉంది, విసురు గట్టిదే గాని గురి తక్కువ. ముందు దాన్నే దింపుతాను. మీ చెల్లి ఎక్కువగా బెంచీ మీదే కూర్చోవాలి. పైకి పేరు పంపేక ఈ ఏడాది మళ్ళీ కిందికి తేలేను."

నేను కూర్చుకున్న వాక్యాల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. "మీరేమంటారు మేడమ్?" అన్నాను.

"నాకు పిచర్ కావాలి. అందుకని నన్నడక్కు" అన్నారావిడ.

ఇంటికి వచ్చి చెబితే చెల్లి అన్నం కలుపుతూనే తేల్చేసింది. "నేనెల్తాను."

"అంత పెద్దపిల్లలు కొట్టిన బంతి మొహానికి తగిల్తే?" అంది అమ్మ.

"మాస్కు పెట్టుకుంటానమ్మా."

"ఆదివారం ప్రాక్టీసంట కదా. మరి చర్చికి?"

"సాయంత్రం ప్రార్థన కూటానికి ఎల్తాను."

"నువ్వా? పోయినసారి కూటంలో మొదటి పాట అవ్వకుండానే నా ఒళ్ళో నిద్రపోయేవు."

"అందుకే గదా, సాయంత్రమైతే నిద్ర కూడా కలిసొస్తాది."

అమ్మ గరిటెతో కొట్టబోయింది. నాన్నకు ఫోన్ చేస్తే బస్సు హారన్ల మధ్య, "పెద్దమ్మాయి ఎలా చెబితే అలాగే" అని పెట్టేశారు.

నాకైతే లోపల సమాధానం ముందే తయారుగా ఉంది. వద్దు.

చిన్నప్పుడు నాకు డబుల్ ప్రమోషన్ ఇచ్చారు. బాగా చదువుతున్నానని రెండో తరగతి నుంచి తీసుకెళ్ళి నాలుగులో కూర్చోబెట్టారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆ తరగతిలో బల్ల నా మెడ దాకా వచ్చేది. మిగిలిన పిల్లలు మూడేళ్ళుగా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. ఆ ఏడాదే నేను మాట్లాడటం మానేశాను, ఆ ఏడాదే పుస్తకాల్లో తలదూర్చాను అని నా నమ్మకం. ఎవరైనా "ఏంటండీ, మీరసలు మాట్లాడరు" అన్నప్పుడల్లా పైకి నవ్వి, లోపల ఆ నాలుగో తరగతి గదిని తలుచుకునేదాన్ని. డైరీలో ఆ సంగతి ఎన్నోసార్లు రాసుకున్నాను. రాసిన ప్రతిసారీ ముందటికన్నా బాగా వచ్చింది.

మర్నాడు అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను.

"దాన్ని పంపొద్దమ్మా. నాకు జరిగిందే దానికీ జరుగుతుంది."

"నీకేం జరిగింది?" అంది అమ్మ, కంగారుగా చేట కింద పెట్టి.

చెప్పాను. నాలుగో తరగతి, బల్ల, నవ్వులు, నేను మాట మానేయడం. అంతా విని అమ్మ మళ్ళీ చేట అందుకుంది.

"అదా! హడలగొట్టేసేవు. పై క్లాసుకి వెళ్ళేక మాట మానెయ్యడమేంటే? ఎప్పుడు మాట్లాడేవని మానెయ్యడానికి? మూడేళ్ళప్పుడు నా అంగన్‌వాడీలో కూర్చోబెడితే మూల చూసుకుని కూర్చునేదానివి. మిగతా పిల్లలు కొట్టుకుని ఏడుస్తుంటే కళ్ళప్పగించి చూసేదానివి. ఆకలేస్తే కూడా అడిగేదానివి కాదు, గిన్నె తెచ్చి నా ముందు పెట్టేదానివి."

"అప్పుడు చిన్నపిల్లని."

"రెండో క్లాసులో చిన్నపిల్లవి కాదుగా? తోచక గోళ్ళన్నీ కొరుక్కునేదానివి. పైకి పంపేకే నయమైంది. పుస్తకాలు పెద్దవిచ్చేరు, నీకు కాలక్షేపమైంది."

నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా దాచుకున్నదాన్ని అమ్మ బియ్యంలో రాయిలా ఏరి పారేసింది. కానీ మధ్యాహ్నమంతా ఆలోచించాక, నేను గోళ్ళు కొరకడం మాత్రం గుర్తొచ్చింది. ఎక్కడ కొరికానో కూడా గుర్తొచ్చింది. రెండో తరగతి కిటికీ పక్కన.

అలాగని చెల్లి వెళ్ళడం మంచిదని తేలిపోలేదు. నా కారణం పోయింది, అంతే. ఇప్పుడు దాన్ని చూసి చెప్పాలి, నన్ను చూసుకుని కాదు. మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, పేరు పంపేలోగా ఒక్క సాయంత్రం పెద్దపిల్లలతో ఆడించి చూపించమని అడిగాను. ఆవిడ సరేనన్నారు.

శనివారం సాయంత్రం బడి మెట్ల మీద కూర్చున్నాను. పుస్తకం తెరిచే ఉంది గాని చదవలేదు. పెద్దజట్టు కెప్టెన్ తాటిచెట్టంత పొడుగు. బ్యాటు భుజాన వేసుకుని చెల్లికి ఎదురుగా నిలబడింది.

"ఏమే బుడ్డీ, ఆ బంతి ఇవాళే వస్తాదా? ఈలోగా ఎల్లి టిఫిన్ చేసొచ్చెయ్యనా?"

అందరూ నవ్వారు. వాళ్ళ జట్టులో అయితే చెల్లి ఒకదానికి నాలుగు అంటించేది. ఇప్పుడు నోరు విప్పలేదు. బంతి వేసింది. ఆ అమ్మాయి కొట్టిన దెబ్బకు అది గోడ దాటి, అవతల బోదె కాలవలో పడింది. కొబ్బరికాయలు కోసే దోటీతో ఎవరో బంతిని ఒడ్డుకు లాగారు. మళ్ళీ వేసింది. మళ్ళీ వెక్కిరింత. చెల్లి బంతిని చొక్కా అంచుకు తుడుచుకుంది. చీకటి పడేదాకా ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ మాట అబద్ధం, నాదే నిజం అనిపించింది. నా కళ్ళముందే ఆ నాలుగో తరగతి మళ్ళీ మొదలైంది.

స్కూటీ మీద కాలవగట్టు వెంట వస్తూ అడిగాను. "అస్సలు మాట్లాడలేదేంటే? భయమేసిందా?"

"భయమా? ఆ అక్క కాలు ఎటు పెడతాదో చూస్తన్నాను. మాట్లాడితే అది కనపడదు."

"మరి అలా వెక్కిరిస్తుంటే?"

"వెక్కిరించనీ. కాళ్ళ దగ్గరికి వేస్తే కొట్టలేదు తను. చివర్లో వరసగా తప్పింది కదా, చూళ్ళేదా నువ్వు?"

నేను చూడలేదు. సాయంత్రమంతా దాని నోటినే చూస్తూ కూర్చున్నాను, బంతిని ఒక్కసారీ చూడలేదు.

సోమవారం మేడమ్‌తో "పంపండి" అన్నాను. ముందుగా ఏ వాక్యమూ కూర్చుకోలేదు.

తర్వాత అంతా బాగా జరిగిందని రాయలేను. చిన్నజట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. అందులో క్యాచర్, అంటే చెల్లి విసిరిన బంతులు పట్టే పిల్ల, తరగతిలో కూడా చెల్లి పక్కనే కూర్చుంటుంది. ఓడిన మర్నాడు వేరే బల్లకు మారిపోయింది. చెల్లి ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి ఏడ్చింది. "నేనుంటే గెలిచేవాళ్ళం" అని నా మీద అరిచింది, ఆ జట్టులోంచి తీసింది నేనే అయినట్టు. ఒక విధంగా నేనే కదా. బ్యాగు తీసి మేకుకు తగిలించాను.

అమలాపురంలో పెద్దజట్టు మ్యాచ్‌లకు నేనూ వెళ్ళాను. మొదటిదానిలో చెల్లి నీళ్ళ సీసాలు అందించింది, అంతే. రెండోదానిలో బాగా వెనకబడ్డాక మేడమ్ తనను దింపారు. అవతలి జట్టులోంచి మొదట బ్యాటు పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి ఒక్క మంచి బంతీ వెయ్యలేకపోయింది. రెండో అమ్మాయి గట్టిగా కొట్టింది. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. అప్పుడు కెప్టెన్ దగ్గరికి వచ్చి, నడుం వంచి, దాని చెవిలో ఏదో అంది. చెల్లి తిరిగి ఏదో అంది. ఆ పొడుగమ్మాయి పగలబడి నవ్వి, దాని నెత్తిన ఒక్కటి వేసి వెళ్ళింది. ఆ తర్వాత నిలబడ్డ అమ్మాయి బంతిని తాకలేకపోయింది. అయినా మావాళ్ళు ఓడిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "చిన్నజట్టులోనే ఉండాల్సిందా?" అని అడిగాను.

"ఏమో" అంది చెల్లి. కిటికీ వైపు తిరిగి, కొంతసేపటికి నిద్రపోయింది.

ఇంటికి చేరాక అది మంచం మీద వాలిపోయింది. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "పంపి మంచిపనే చేసేమా?"

"తెలీదమ్మా. రేపు తెల్లారగట్ల లేపమంది, ప్రాక్టీసుందంట."

"ఓడిపోయి వచ్చి మళ్ళీ రేపేనా?" అంటూ అమ్మ అలారం పెట్టమని ఫోన్ నా చేతికిచ్చింది.