తవిటమ్మ నోట ఒకే మాట

భావనపాడు ఒడ్డున తవిటమ్మ రోజూ చీర ఎగదోపి, ఎండబెట్టే చేపల్ని సముద్రంలో కడుగుతుంది. పాదం తడవగానే "ఏడి" అంటుంది. వేడికి ఆమె మాట అదే. ఈ వానాకాలమంతా అలాగే అంటోంది. హిమాలయాల్లో రోడ్డు పనికెళ్ళిన కొడుకు నవీన్ ఓసారి ఫోన్లో, "మన సముద్రం ఏడెక్కితే ఆ ఆవిరి మబ్బులై ఈ కొండల మీద కుమ్మరిస్తాదటమ్మా" అన్నాడు. "మన నీల్లు అంత దూరం ఒస్తాయేటిరా?" అని నవ్వింది.

ఈ ఉదయం నవీన్ పనిచేసేచోటి మేస్త్రీ ఫోన్ చేశాడు. "అమ్మా, రేతిరి వానకి కొండ ఇరిగి మా గుడారాల మీద పడిపోనాది."

తవిటమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ఫోన్లోకి "ఏడి?" అంది.

పక్కన చేపలు కడుగుతున్న తోడికోడలు ఈశ్వరి తలెత్తలేదు. "అవునక్కా, ఈయేల మరీ ఏడి."