కోళ్ల కోసం పెట్టిన నిశ్శబ్దం

2009 మే నెల, రెండో ఆదివారం. తణుకు దగ్గర పల్లెలో మా బావమరిది ఇల్లు. ఎండ దిగిన తరువాత.

హాజరైనవారు: నేను. నా భార్య. ఆమె తమ్ముడు, అంటే మా బావమరిది; ఆ రోజు అతని షష్టిపూర్తి. అతని భార్య, నా భార్యకు మరదలు. అతనికి కోళ్ల మేత సరఫరా చేసే వ్యాపారి, చాలాకాలపు స్నేహితుడు. హైదరాబాద్ నుంచి హెడ్‌ఫోన్లు తెచ్చిన ఈవెంట్ మేనేజరు. ఇంకా బంధువులు, ఊళ్లోవాళ్లు. ఇంటి వెనక షెడ్ల నిండా కోళ్లు.

కోళ్లను ఎందుకు రాశానంటే, ఆ పార్టీకి ముఖ్య అతిథులు అవే.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లాకుల దగ్గర రోజూ పొద్దున్నే నీటిమట్టం రాసే అలవాటు ఇంటికీ వచ్చింది. డైరీ రాయకుండా పడుకున్న రోజు లేదు. కోపంలో రాసింది మర్నాడు చదివితే సగం కొట్టేయాలనిపించడం మామూలే. ఆ ఆదివారం గురించి రాసింది మాత్రం ఇన్నేళ్ల తరువాత చదివినా ఒక్క ముక్క కూడా కొట్టేయాలనిపించలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దీనికి ముందు జరిగింది చెప్పాలి. అంతకు మూడేళ్ల ముందు అదే ఇంట్లో బావమరిది పెద్దకొడుకు పెళ్లి జరిగింది. నా భార్యకు అప్పటికి గుండె ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. ప్రయాణం వద్దన్నాను. మేనల్లుడి పెళ్లికి మేనత్త లేకపోతే ఎలా అని బయల్దేరింది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. అతని చొక్కాకి గుండీలు పెట్టి బడికి పంపిన చేతులు అవి. రాననడం ఆమె వల్ల కాదు.

పెళ్లికి డీజే పెట్టారు. నిలువెత్తు బాక్సులు వరసగా పేర్చి, నేరుగా మేముండే గది వైపు తిప్పారు. కిటికీ తలుపులు వాటంతట అవే కొట్టుకున్నాయి. గ్లాసులో మంచినీళ్లు వణికాయి. ఆమె మంచం మీద కూర్చుని, రెండు చేతులూ గుండెకు అడ్డంపెట్టుకుని, "ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టుందండీ" అంది.

నేను వెళ్లి బావమరిదిని పక్కకి పిలిచాను. "మీ అక్కకి ఇంకా కుట్లు ఆరలేదయ్యా. ఆపమనడం లేదు, కాస్త తగ్గించమను" అన్నాను.

"ఒక్క పూట ఓపిక పట్టండి బావగారూ. పెళ్లింట్లో బాక్సులు లేకపోతే శవం లేచిన ఇల్లనుకుంటారు."

"కనీసం ఆ గది వైపు కాకుండా తిప్పించు."

"కుర్రాళ్లు వింటారేంటండీ? ఏదో మాత్ర వేసి పడుకోబెట్టండి."

మాత్ర వేసి పడుకోబెట్టాను. పడుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఇల్లంతా గగ్గోలు. కొత్తగా దించిన కోడిపిల్లలు ఆ మోతకి బెదిరి, షెడ్డులో ఒక మూలకి పోగై, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చచ్చిపోయాయి. బావమరిది షెడ్డు గుమ్మంలో తలపట్టుకుని కూర్చున్నాడు. వచ్చిపోయేవాళ్లు పరామర్శ చేస్తున్నారు. మేము సామాను సర్దుకుని అతని ముందునుంచే కారు దగ్గరికి నడిచాం. అక్కా, రాత్రి ఎలా ఉంది నీకు అని అడుగుతాడేమోనని నా భార్య ఒక నిమిషం నిలబడింది. "వెళ్లొస్తారా బావగారూ" అని, మళ్లీ షెడ్డులోకి చూశాడు.

తరువాత మూడేళ్లు ఆమె పుట్టింటి గుమ్మం తొక్కలేదు. ఎవరైనా అడిగితే ఆరోగ్యం బాగోలేదని చెప్పేది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు, నన్నూ అననివ్వలేదు.

ఇక షష్టిపూర్తికి పిలవడానికి భార్యాభర్తలిద్దరూ నరసాపురంలో మా ఇంటికి వచ్చారు. మరదలు బొట్టు పెట్టింది. బావమరిది మా వరండాలో కుర్చీ లాక్కుని, అక్క పక్కనే కూర్చున్నాడు.

"ఈసారి బాక్సులు లేవక్కా. హైదరాబాద్ నుంచి చెవులకి పెట్టుకునేవి తెప్పిస్తున్నాను. వైర్లు కూడా ఉండవు. పాట ఎవరి చెవిలో వాళ్లకే. బయటికి చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

"అంత ఖర్చు ఎందుకురా?" అంది ఆమె.

"నీ కోసమే. అప్పుడు నిన్ను బాధపెట్టానని నాకు లేదనుకున్నావా?"

ఆమె నా వైపు చూసింది. మూడేళ్లుగా నాతో అనని మాట ఏదో ఆ చూపులో ఉంది. నేను కూడా, ఆలస్యంగానైనా వీడికి బుద్ధి వచ్చిందనే అనుకున్నాను. వాళ్లు వెళ్లిన సాయంత్రమే ఆమె బీరువాలోంచి పట్టుచీర తీసి వరండాలో ఆరేసింది. తన తమ్ముడు ఏం తెప్పిస్తున్నాడో పక్కింటావిడకి గోడమీంచి రెండుసార్లు వివరించింది.

వెళ్లేసరికి గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. హారన్ కొట్టరాదు. ఇంటికి మరీ దగ్గరగా, పెరటిని ఆనుకుని, కొత్త షెడ్లు లేచాయి. ఆ రెండూ చూసినప్పుడైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు.

పొద్దుటి పూజలు, హోమం అయ్యాయి. సాయంత్రం ఈవెంట్ మేనేజరు అట్టపెట్టెల్లోంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పేర్చాడు. మర్యాదస్తుడే. నేను పక్కనే నిలబడి అడుగుతుంటే విసుక్కోకుండా చెప్పాడు.

"మూడు ఛానళ్లుంటాయి సార్. ఎర్ర లైటు వెలిగితే కొత్త పాటలు, నీలం అయితే జానపదాలు, ఆకుపచ్చ అయితే మీలాంటి పెద్దవాళ్లకి పాతవి. ఎవరు ఏం వింటున్నారో లైటు చూసి తెలుసుకోవచ్చు. దీన్ని సైలెంట్ డిస్కో అంటారండి."

"ఇది నడుస్తుందా మన వైపు?"

"రాబోయే రోజులన్నీ ఇవే సార్. అపార్ట్‌మెంట్ల మీద పార్టీలకి పోలీసు గొడవుండదు. గోదావరిలో లాంచీల మీద పెట్టొచ్చు. ఆసుపత్రి పక్కన కల్యాణమండపం ఉన్నా ఇబ్బంది లేదు. తర్వాత తర్వాత పెళ్లి మంత్రాలు కూడా ఒక ఛానల్లో పెట్టేస్తామండి. అర్థం కావాలన్నవాళ్లకి తెలుగులో ఇంకో ఛానల్."

"మరి మాట్లాడుకోవాలంటే?"

"పార్టీకొచ్చి మాట్లాడుకునేదేముంది సార్" అని నవ్వాడు.

నా భార్యకు అతనే ఆకుపచ్చ లైటుది పెట్టి, చక్రం తిప్పి శబ్దం బాగా తగ్గించి ఇచ్చాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. కాసేపటికి వేళ్లతో కుర్చీ చేతి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మూడేళ్లలో ఆమె అంత నిమ్మళంగా ఉండడం చూడలేదు. ఆ మేరకు ఆ యంత్రాన్ని నేను తప్పుపట్టను.

నేను పెట్టుకోలేదు. పెట్టుకోనివాడికి ఆ పార్టీ ఎలా ఉంటుందో చెప్తాను. పెద్ద మనుషులు, పంచెలు ఎగ్గట్టి, ఏ పాటా లేకుండా ఎగురుతుంటారు. ఎర్ర లైటువాడు ఒక అడుగు వేస్తే నీలం లైటువాడు ఇంకో అడుగు వేస్తాడు. పక్కపక్కనే ఉండి ఎవరికి వారే. చెప్పుల చప్పుడు, ఆయాసం, మధ్యలో ఎవడో పాటలో ఒక ముక్క అపశ్రుతిలో అరవడం. వెనక షెడ్లలో కోళ్లు కుర్‌కుర్‌మంటూ సర్దుకుంటున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. బావమరిది అందరికంటే ముందున్నాడు. పొద్దున్న హోమం ముందు నడుం పట్టేసిందన్న మనిషి.

ఇంకో సంగతి ఆ యంత్రం తెచ్చిన అబ్బాయి చెప్పలేదు, లేక చెప్పాలని తోచలేదు. చెవుల నిండా పాట మోగుతున్నవాడికి తన గొంతు తనకి వినబడదు. గుసగుస అనుకున్నది కేకై వస్తుంది.

షామియానా కింద భోజనాల బంతి మొదలైంది. ఆ రోజు శాకాహారమే. నా భార్య హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని తింటోంది. మేమున్నచోటికి పదడుగుల దూరంలో బావమరిది, మేత వ్యాపారి ఇద్దరూ చెవులకి అవి తగిలించుకునే, ఆగి చెమట తుడుచుకుంటున్నారు. మేత వ్యాపారి బావమరిది చెవి మీది తొడుగు కొంచెం ఎత్తి, అందులోకి అరిచాడు.

"ఏంటి గురూ ఇది, పిచ్చాసుపత్రిలా ఉంది. నాలుగు బాక్సులు పెట్టిస్తే పోయేది కదా."

బావమరిది అతని చెవి దగ్గర నోరు పెట్టి జవాబిచ్చాడు. రహస్యంగానే చెప్తున్నాననుకున్నాడు. బంతి మొత్తానికి వినబడింది.

"బాక్సులు పెడితే షెడ్లేం కాను? పోయినసారి పిల్లలన్నీ పోయాయి. ఇప్పుడున్నవి గుడ్లు పెట్టేవి, బెదిరితే నెల్లాళ్లు పెట్టడం మానేస్తాయి."

"అక్కగారి కోసమని చెప్తున్నావు అందరికీ?"

"అలా చెప్పకపోతే వస్తుందేంటి? ఆడపడుచు రాకుండా షష్టిపూర్తేంటని ఊరంతా అడగదూ. అయినా గుండెజబ్బు మనిషికైతే మాత్ర వేసి పడుకోబెడతాం. కోడికి ఎవడేస్తాడు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. తొడుగు సర్దుకుని మళ్లీ ఎగరడానికి వెళ్లారు.

బంతిలో ఎవరూ తలెత్తలేదు. వడ్డించేవాడు పులుసు గరిటె పట్టుకుని ఆగిపోయాడు. మరదలు మా వెనకే ఉంది. ఆమె మొహం పాలిపోయింది. పెరుగు గిన్నె తీసుకుని మా ముందుకొచ్చి, "వదినగారూ, ఇంకొంచెం పెరుగు వేసుకోండి" అంది. ఆమెను అనవలసింది ఏమీ లేదు.

నేను లేచాను. అతని చెవులమీంచి ఆ తొడుగులు లాగి, నలుగురిలో అడిగేద్దామనుకున్నాను. ఉపాయం లేక మూడేళ్ల క్రితం శబ్దం తగ్గించలేదంటే ఏదోలా సర్దుకుందును. మనసుంటే మార్గం ఉంటుందంటారు. మార్గం ఉంది. హైదరాబాద్ నుంచి కబురుపెట్టి తెప్పించుకునేంత మార్గం ఉంది. ఆ మనసు కోళ్లకి కలిగింది, పెంచిన అక్కకి కలగలేదు. పైగా దాన్నే తెచ్చి ఆమె ఒళ్లో నీ కోసమే అని పెట్టాడు. ఆ అబద్ధం అక్కర్లేదు. కోళ్లకి మంచిదక్కా, నీకూ బాగుంటుంది అని ఉంటే సరిపోయేది. ఆమె అంతకే పొంగిపోయి వచ్చి ఉండేది.

నా భార్య నా చొక్కా అంచు పట్టుకుంది.

"కూర్చోండి. వాడికిప్పుడు ఏం వినబడదు."

"లాగేస్తే వినబడుతుంది."

"నేను అన్నం తింటున్నాను. మీరూ తినండి."

తిన్నాను. ఏం తిన్నానో డైరీలో రాయలేదు. ఆమె ఆకు మడిచి, చేయి కడుక్కుని, ఒళ్లోని హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి ఆ అబ్బాయికి అప్పగించింది. "బాగున్నాయి బాబూ, పాటలు" అంది.

మర్నాడు పొద్దున్న ప్రయాణం. బావమరిదికి ఏమీ తెలియదు. అతనికి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేనట్టుంది. మొహం కడుక్కుని, హుషారుగా వచ్చి, కారు డిక్కీ తెరిపించాడు. మరదలు తలెత్తకుండానే నా భార్యకు బొట్టు పెట్టి, చీర, రవికెలగుడ్డ చేతిలో పెట్టింది. నా భార్య తీసుకుని కళ్లకద్దుకుంది. బావమరిది గుడ్ల ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తనే మోసుకొచ్చాడు.

"చూశావా అక్కా. ఎక్కడా శబ్దమన్నది లేకుండా చేయించాను."

"అవున్రా. శబ్దం లేదు. అందుకే అన్నీ వినబడ్డాయి."

అతనికి వెంటనే అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను అతని కళ్లలోకే చూశాను. తరువాత భార్య వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ట్రేలు పట్టుకున్న చేతులు కొద్దిగా దిగాయి.

"చీర నా పుట్టింటిది, తీసుకెళ్తాను. గుడ్లు వద్దు" అంది నా భార్య. "వాటి కోసం చాలా కష్టపడ్డావు. నీ దగ్గరే ఉంచుకో."

"అక్కా, అది కాదు..."

ఆమె కారెక్కి తలుపు వేసుకుంది.

గేటు వైపు తిరిగేచోట, సరిగ్గా షెడ్ల పక్కన, మేత బస్తాల లారీ అడ్డంగా ఆగి ఉంది. లారీ డ్రైవరు ఎక్కడా కనిపించలేదు. మా డ్రైవరు కారు ఆపి, "హారన్ కొట్టొద్దన్నారండి ఇక్కడ" అన్నాడు.

"కొట్టు" అన్నాను. "వాళ్లందరూ బయటికొచ్చేదాకా చెయ్యి తియ్యకు."

డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాడు. నా భార్య ముందుకు వంగి అతని భుజం తట్టింది.

"వద్దు బాబూ. దిగి వెళ్లి పిలుచుకురా."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె కిటికీలోంచి షెడ్ల వైపు చూస్తోంది.

"అవేం చేశాయండీ" అంది.

డ్రైవరు దిగి వెళ్లాడు.