కంపల వెనక నిలబడ్డవాళ్లం

చవక కార్లతో అడవి దాటాలని ఒక టీవీ ప్రోగ్రాంలో పందెం పెట్టారు. ముగ్గురు యాంకర్లు తలా ఒక పాత కారు కొని చండ్రుగొండ నుంచి బూర్గంపాడు దాకా నడపాలి. మా చేను పక్కన ఎత్తు ఎక్కుతూ ఒక కారు ఆగిపోయింది. మా దగ్గర బండి ఆగితే ఎవరూ పిలవక్కర్లేదు. మిర్చి ఏరుతున్న ఆరుగురం, మా పెద్దమ్మతో సహా, వెళ్లి తోశాం. స్టార్టయింది.

డైరెక్టర్ మా మీదకు లేచాడు. "ఎవరు తొయ్యమన్నరు మిమ్మల్ని? షాటంతా ఖరాబ్ చేసిన్రు."

వాళ్లకు కావలసింది కారు ఆగడమేనట. దాన్ని మళ్లీ కిందికి దింపింది కూడా మేమే. తర్వాత కెమెరాలో పడకుండా కంపచెట్ల వెనక నిలబడమన్నాడు. సిగ్గులేక నిలబడ్డాం.

ఆదివారం టీవీలో వచ్చింది. యాంకర్ చెమట తుడుచుకుంటూ, "ఈ అడవిలో సాయానికి ఒక్క మనిషి కూడా లేడు" అన్నాడు.

ఇప్పటికీ పండగ పండగకూ అదే ఎపిసోడ్ మళ్లీ వేస్తున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా పెద్దమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా నన్నే అడుగుతుంది:

"మరి గా కంపల ఎనక నిలబడ్డయి ఏందిరా, గొడ్లా?"