తాత వీపు మీద సంతకం

ఆ రోజుల్లో ఎవరు కొట్లాడుకుంటున్నా మధ్యలో దూరి ఇద్దరినీ కలిపేయగలనని నాకు గట్టి నమ్మకం. వయసు ఇరవై రెండు, చేతిలో డిగ్రీ, పుంగనూరులో మా పార్టీ ఆఫీసులో కంప్యూటరు ముందు ఒక కుర్చీ. ఇంకేం కావాలి? పైగా ఆ పార్టీలో గొడవలకు కొదవే లేదు. బయటివాళ్లకు మాది ఒకటే జెండా, లోపల రెండు వర్గాలు. మొదటిది గుడి వర్గం. మీటింగు మొదలవ్వాలంటే కొబ్బరికాయ కొట్టాలి, ముగియాలంటే హారతివ్వాలి, ఆఫీసులో ఇఫ్తార్ విందు అంటే మాత్రం అలిగి లేచిపోతారు. రెండోది అంగడి వర్గం. బట్టలంగడి ఆయన నుంచి పరుపులు కుట్టే ఆయన దాకా అన్ని మతాలవాళ్లూ ఉండే ఈ వర్గానికి మురుగు కాలువలు, వీధిలైట్లు తప్ప వేరే ధ్యాస లేదు. పార్టీలో ఎక్కువమంది వీళ్లే. (నేను పొద్దున ప్రసాదం వాళ్లతో, మధ్యాహ్నం బిర్యానీ వీళ్లతో తినేదాన్ని. అంత నిష్పక్షపాతం నాది.)

ఇంతలో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. మా వార్డుకు పదేళ్లుగా జెండా మోసిన మా మేనత్త పేరు ఖాయమైంది. ఇల్లంతా పండగ. కానీ ఆమెను ప్రతిపాదిస్తూ నామినేషను మీద సంతకం పెట్టేది మా వీధి పరుపుల మామ అని తెలిసేసరికి గుడి వర్గం భగ్గుమంది. వాళ్లకు నాయకుడు, మంచి గడియ చూడందే అడుగు కదపని పంచాంగం తాత. ఆంజనేయస్వామి గుడి కమిటీకీ ఆయనే పెద్ద.

"ఆ సంతకానికి మనోళ్లలో మనిషే దొరకలేదామ్మా? ఒక సాయిబు పెట్టాల్నా?" అన్నాడు తాత.

"ఓటుకు మామ కావాల, సంతకానికి వద్దా తాతా? ఆయన పెట్టకుంటే నేను పోటీనే చెయ్యను" అంది అత్త.

నేను దూరాను. ముందు కాగితాలకు గుడిలో పూజ, ఆ తర్వాత మామ సంతకం. ఇద్దరూ ఒప్పుకున్నారు! ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఢిల్లీలో ఉండాల్సినదాన్ని పుంగనూరులో ఉన్నానే అని జాలి కూడా పడ్డాను.

నామినేషన్లకు చివరి రోజు శుక్రవారం. మూడింటికి మున్సిపల్ ఆఫీసు గేటు మూస్తారు. పదింటికే పూజ అయిపోయింది. "పదిన్నర నించి రాహుకాలం. కాగితాలు బయట తిప్పొద్దు. స్వామి పాదాల కాడ పెట్టేసి, పన్నెండు దాటినాంక తీసుకో" అన్నాడు తాత. పెట్టేశాను. నామినేషను, దాంతోపాటు ఈమే మా అభ్యర్థి అని పార్టీ పెద్దలు సంతకం చేసిచ్చిన బి-ఫారం. డప్పులు, బాణాసంచా, రెండు వర్గాల జీపులు, ఆ సంబరంలో పడి పన్నెండుంపావుకు గుడికొచ్చి చూస్తే గర్భగుడికి తాళం! రోజూ పదకొండున్నరకు గుడి మూసేస్తారన్న సంగతి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు, నాకు తప్ప; తాతేమో రాహుకాలం ధ్యాసలో మరిచేపోయాడు. పూజారి వ్రతం చేయించడానికి పక్క మండలం రామసముద్రం వెళ్లాడు. ఫోను స్విచ్ ఆఫ్.

"రెండో తాళంచెవి యాడుంది తాతా?" అని అడిగాను.

"అదీ ఆయప్ప మొలతాడుకే ఉండాది. రెండూ ఒకేతావ ఉంటే భద్రమని నేనే పెట్టించినాను" అన్నాడు తాత. ఆ క్షణాన ఆయన ముఖం చూడాలి.

నామినేషను ఫారం మళ్లీ ప్రింటు తీయొచ్చు, బి-ఫారం ఎక్కడినుంచి తేవాలి? అత్త గుడి మెట్ల మీద కూర్చుని, "పదేండ్లు మోసినాను పాపా" అంది, అంతే. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. రెండు వర్గాల జీపులూ బజారులో ఎదురెదురుగా ఇరుక్కుని, ఎవరు ముందు వెనక్కి తీయాలని వాదించుకుంటున్నాయి.

అప్పుడొచ్చాడు పరుపుల మామ. తెల్ల జుబ్బా, అత్తరు వాసన, జుమ్మా నమాజుకు పోతూ మమ్మల్ని చూసి మోపెడ్ ఆపాడు. సంగతి విన్నాడు.

"తాతా, ఎక్కు. నువ్వు చెప్తేనే కదా ఆ పూజారి సామి తాళంచెవి ఇచ్చేది."

"నీకు నమాజు ఉండాది కదప్పా?"

"ఇంట్లో చదువుకుంటాలే. అల్లాకు తెలుసు. నువ్వు ఎక్కు."

తాత చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. పంచాంగం ప్రకారం అప్పుడే దుర్ముహూర్తం మొదలైంది. ఆ సమయంలో ఆయన ఇంటి గడప కూడా దాటడని ఊరందరికీ తెలుసు. తాత ఒక్కసారి అత్త వైపు చూసి, పంచె ఎగ్గట్టి, "పోనీ అప్పా, తొందరగా పోనీ!" అంటూ ఎక్కేశాడు. వెనక దూది మూట, మధ్యలో తాత, ముందు మామ. సందు మలుపులో మోపెడ్ ఎగిరేసరికి తాత రెండు చేతులా మామ నడుము గట్టిగా పట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి రెండూ నలభై. ఇద్దరూ తలలదాకా దుమ్ము కొట్టుకుపోయి ఎవరు ఏ వర్గమో పోల్చలేకుండా ఉన్నారు. తాళం తీశాం. కాగితాల నాలుగు మూలలా సిందూరం. సంతకానికి బల్ల లేదు, మెట్లంతా కొబ్బరినీళ్ల తడి. నేను పెన్ను పట్టుకుని దిక్కులు చూస్తుంటే తాత గిర్రున తిరిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"యాల సూస్తాండావు? నా ఈపు మీద పెట్టి చెయ్యప్పా సంతకం!"

మామ చేశాడు. పరుగో పరుగు! గేటు దగ్గరి పోలీసు చెయ్యెత్తేలోపు అత్త లోపల పడింది. "ఈ ఎర్ర మరకలేందమ్మా?" అని ఆఫీసరు అడిగితే, ఆయాసపడుతూనే "మా వార్డులో అందురూ ఒప్పుకున్న గుర్తు సార్" అంది.

అత్త గెలిచింది. మరునాటి నుంచే మళ్లీ మొదలు. కాగితాలను కాపాడింది స్వామి అని గుడి వర్గం, మోపెడ్ అని అంగడి వర్గం. ఎదురుపడితే తాతా మామా మాత్రం ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదు, ఏదో తప్పు చేసి దొరికినవాళ్లలా చెరో పక్కకూ చూసేవాళ్లు.

ఇప్పుడు నేను కుప్పంలో ఆన్‌లైన్ సెంటరు నడుపుతున్నాను. ఎవరు ఏ కాగితమిచ్చినా ముందు కాపీ తీస్తాను, ఆ తర్వాతే మాట. ఎవరినీ కలిపే పని మాత్రం పెట్టుకోవడం లేదు. తాత పోయి రెండేళ్లయింది. మొన్న మదనపల్లె పెళ్లిలో పరుపుల మామ కనబడి, పక్కకు పిలిచి, "పాపా, ఆ దినం తాత వంగుకున్నాడే, ఫోటో ఏమైనా తీసినావా?" అని మెల్లగా అడిగాడు. ఇడ్లీకి కూడా ఫోటో తీసి అందరికీ పంపే పిల్లను, ఆ రోజు చేతిలో ఫోను పెట్టుకుని నేను చేసిందల్లా పూజారి స్విచ్ ఆఫ్ నంబరుకు మళ్లీ మళ్లీ కొట్టడమే. లేదు మామా అన్నాను. "పోనీలే, నాకు కనపడతానే ఉండాది" అని కళ్లు తుడుచుకుని, నా విస్తట్లో ఇంకో లడ్డు వేయించాడు.